అనుభవం గడిలో ఏం రాయాలి?

నవంబరు పదో తారీకు, ఆదివారం. కడప, తమ్ముడి ఇల్లు, ముందు గది. హాజరైనవారు: నేను, బండల పాలిష్ యూనిట్ యజమాని అయిన నా తమ్ముడు, మరదలు, మరదలి తమ్ముడు, నా తమ్ముడి ఒక్కగానొక్క కూతురు, వయసు ఇరవై ఆరు. విషయం: ఆ అమ్మాయి విదేశంలో ఏ బిజినెస్ కోర్సు చదవాలన్నది. ప్రారంభం: ఉదయం పది. ముగింపు వేళ రాయడానికి కొంచెం చోటు వదిలాను. అది సాయంత్రం ఐదున్నర దాకా అలాగే ఉండిపోయింది.

నేను కర్నూలులో నీటిపారుదల శాఖ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం టెండర్ల విభాగమే. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఇవాళ్టి వరకు రోజుకొక పేజీ డైరీ రాస్తున్నాను. ఏ సమావేశానికైనా ఎవరెవరు వచ్చారో ముందు రాసుకోకపోతే ఎవరేమన్నారో తర్వాత నాకు గుర్తుండదు. ఆ ఆదివారం ఎవరేమన్నారో మాత్రం మరిచిపోదామన్నా కుదరడం లేదు.

అంతకు ముందు వారం అమ్మాయి ఫోన్ చేసింది.

"పెదనాయనా, మంగళవారం ఆఖరు. ఈడ తలా ఒక మాట చెప్తాండారు. నువ్వొస్తే తప్ప తేలేట్టు లేదు."

"మూడు కోర్సుల వివరాలూ పంపు. పట్టిక వేసుకొని వస్తా" అన్నాను.

ఆమె మర్నాటికల్లా పంపింది. అంత పద్ధతిగా వివరాలు పంపిన కాంట్రాక్టరు నా సర్వీసులో ఒక్కడు లేడు. శనివారం నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో కడప చేరేసరికి నా సంచిలో పెద్ద కాగితం మీద గీసిన పట్టిక సిద్ధంగా ఉంది. ఇంత సిద్ధంగా వెళితే పని రెండు గంటల్లో అయిపోతుందనుకున్నాను. నా కుటుంబం గురించి ఈ వయసులో కూడా నాకు ఇలాంటి భ్రమలు ఉండటం నా తప్పే.

ముందుగా ఆ అమ్మాయి సంగతి చెప్పాలి. తమ్ముడి యూనిట్ ఎర్రగుంట్ల దారిలో ఉంది. క్వారీ నుంచి వచ్చిన నల్లబండలను కోసి, అంచులు సరిచేసి, నునుపు పెట్టి పంపుతారు. అమ్మాయి డిగ్రీ అయిపోయాక రెండు నెలలు ఊరికే కూర్చోవడమెందుకని అక్కడికి వెళ్లింది. ఆ రెండు నెలలు నాలుగేళ్లయ్యాయి. ఉదయం ఏడుకు వెళ్లి సాయంత్రం ఆరుకు వస్తుంది. ఏ బండ ఎంత మందం, ఏ లోడు ఏ రోజు కదలాలి, ఏ లారీలో ఏ పెట్టె ముందెక్కాలి, ఇవన్నీ ఆమె చూస్తుంది.

వాళ్ల బండ వాళ్ల పేరుతో సముద్రం దాటదు. బెంగళూరులో ఒక ఎగుమతిదారు కొని తన పేరుతో పంపుతాడు. రెండేళ్ల క్రితం అతను ఉన్నట్టుండి ధర తగ్గించాడు. మీ బండ నాసిరకం, అంచులు విరిగిపోతున్నాయి అన్నాడు. కారణమేమిటో ఎవరికీ తెలియలేదు. ఒకరోజు బెంగళూరు ఆఫీసు నుంచి పొరపాటున అవతలి దేశపు కొనుగోలుదారు రాసిన ఉత్తరం ఫోటోలతో సహా అమ్మాయికి వచ్చింది. అందులో ఉన్నది ఒకటే మాట: బండ మంచిదే, పెట్టెలో పడుకోబెట్టి పేర్చారు గనక విరుగుతున్నాయి, నిలబెట్టి పేర్చండి. ఆ ఉత్తరం అప్పటికే ఆరు నెలలుగా బెంగళూరులోనే ఆగిపోయి ఉంది. అమ్మాయి అప్పుడే అనుకుందట, ఆ కొనేవాడితో నేరుగా మాట్లాడటం నేర్చుకోవాలని. అక్కడి ఒప్పందాలు, సరుకు రవాణా, తగాదాలు తీర్చే పద్ధతి చదువుకొని, రెండేళ్లు అక్కడే ఇళ్ల నిర్మాణ సామగ్రి దిగుమతి చేసుకొనే కంపెనీలో పనిచేసి, తిరిగొచ్చి వాళ్ల బండను వాళ్ల పేరుతో పంపాలని. ఇంత స్పష్టంగా ఏ పనికి చదువుకోవాలో తెలిసిన పిల్లకు కోర్సు ఎంచడం ఏం కష్టం? కష్టం ఆమెది కాదు, మాది.

మూడు కోర్సులున్నాయి. ఒకటి అమెరికాలో రెండేళ్ల ఎంబీయే. ఒకటి ఇంగ్లండులో ఏడాది మేనేజ్‌మెంట్ మాస్టర్స్, అప్పుడే డిగ్రీ ముగించినవాళ్ల కోసం పెట్టింది. మూడోది నెదర్లాండ్స్‌లో ఏడాది ఎంబీయే. అందులో నలభై మందే ఉంటారు, విదేశీ వ్యాపారమూ సరుకు రవాణా ప్రధానం, చివరి మూడు నెలలు ఓడరేవు పక్కన ఏదో ఒక కంపెనీలో పని.

నేను పట్టికలో కళాశాలల పేర్ల మీద, దేశాల పేర్ల మీద కాగితం ముక్కలు అంటించి తెచ్చాను. టెండర్లు చూసేటప్పుడు ఎవరిదో తెలిస్తే కళ్లు అటే పోతాయి. తమ్ముడు పట్టికను చూసి చేతిలోకి కూడా తీసుకోలేదు.

"పేరు కనపడకుంటే ఏం చూసి ఎంచుకోవల్లన్నా? సంబంధానికొచ్చినోళ్లకు పిల్లను మొగాన గుడ్డ కప్పి చూపిచ్చినట్లుండాది."

"లోపలేముందో చూసి ఎంచుకో" అన్నాను.

"లోపలేముండాదో ఎవురికి కావల్లన్నా? రేపు నలుగురిలో చెప్తే ఓహో అనల్ల. అమెరికా ఎంబీయే అంటే చెక్‌పోస్టు కాడ టీ అంగడోనికి గూడా తెలుస్తాది."

"టీ అంగడాయన ఉద్యోగమిస్తాడా?"

మరదలు అలసంద వడల పళ్లెం పెట్టి, తన మాట కూడా రాయమంది. "బావగారూ, చలి తక్కువుండే దేశమేదో దానికి ఎక్కువ మార్కులెయ్యండి. దీనికి చిన్నప్పటి నుంచి జలుబు." నా పట్టికలో జలుబుకు గడి లేదు. లేదంటే నొచ్చుకుంటుందని అంచున రాసుకున్నాను.

మరదలి తమ్ముడు మాత్రం రంగురంగుల పుస్తకంతో వచ్చాడు. అతనికి కన్సల్టెన్సీ పెట్టుకొన్న స్నేహితుడొకడు ఉన్నాడు. ఆ స్నేహితుడి దగ్గర ఇంగ్లండు కోర్సులో సీటు ఖాయమట.

"పెద్దబావా, ఇది ఎంబీయే కాదు గానీ, ఎంబీయే మాదిరే."

"మాదిరే అంటే ఏమప్పా?"

"అదే బావా, మాస్టర్స్."

"చదివి ఏం పని చేస్తారు?"

"ఏ పనైనా చెయ్యొచ్చు. యాడికైనా పనికొస్తాది."

ఎక్కడికైనా పనికొస్తుందని రాసిన యంత్రాన్ని నా సర్వీసులో ఎప్పుడూ కొననివ్వలేదు. ఆ కోర్సు చెడ్డదని కాదు. నిన్నమొన్న కాలేజీ నుంచి బయటికొచ్చిన పిల్లలకు అది మంచిదే. ఆ మూడు చోట్లా చదివి బయటికొచ్చినవాళ్లకు అమ్మాయి ఉత్తరాలు రాసి, వాళ్లిప్పుడు ఏం పని చేస్తున్నారో అడిగి తెలుసుకుంది. జవాబిచ్చినవాళ్లలో ఇంగ్లండు కోర్సువాళ్లు ఇద్దరూ బ్యాంకుల్లో ఉన్నారు. నెదర్లాండ్స్ కోర్సు చదివినామె నేలకు పరిచే పలకలు దిగుమతి చేసే కంపెనీలో ఉంది, ఒక గంట ఫోన్‌లో మాట్లాడింది కూడా. ఇంతకన్నా ఏం కావాలి? కానీ మా సమావేశంలో ఈ ఉత్తరాల గురించి అడిగినవాడు లేడు. అమ్మాయి చెప్పబోతే మేనమామ, "నువ్వు గమ్మునుండు పాపా, పెద్దోళ్లు మాట్లాడతాండారు" అన్నాడు. చదివేది పెద్దవాళ్లన్నట్టు.

నేను అతన్ని గమ్మునుండమన్నాను. అమ్మాయి చేతికి పెన్సిలిచ్చాను. తిరిగొచ్చాక ఏ పనులు చేస్తావో రాసి, వాటిలో ఏ కోర్సు ఏది నేర్పుతుందో ఆ గడిలో గుర్తు పెట్టు అన్నాను. పది నిమిషాల్లో పెట్టింది. అమెరికా కోర్సులో మూడు గుర్తులు, అవీ రెండో ఏడాది చివర్లో. ఇంగ్లండుకు ఒకటి. నెదర్లాండ్స్‌కు ఏడు. కాగితం ముక్కలు పీకాను. పేరు చూసి తమ్ముడు, "ఇదెవురికి తెలుసన్నా?" అన్నాడే గానీ గట్టిగా కాదనలేదు. గంట పన్నెండు దాటలేదు. పని అయిపోయిందనుకొని ఒక వడ తీసుకున్నాను.

అప్పుడు అమ్మాయి మెల్లగా అంది. "పెదనాయనా, దీనికి మూడేండ్ల అనుభవం కావల్ల."

"నీకు నాలుగున్నాయి కదా. ఆ గడిలో సరి అని రాశాను చూడు."

"ఉండాయి. కాగితం లేదు. యజమాని సంతకంతో ఉత్తరం కావల్ల. ఏం హోదా, ఏమేం పనులు, ఎప్పటి నుంచి అని. నాయన రాయల్ల."

గదిలో అందరూ తమ్ముడి వైపు చూశారు. ముప్పై ఒక్క ఏళ్లు కాగితం లేకుండా ఒక్క అడుగు వేయనివ్వని నేను, ఆధారం అడగకుండా ఆ గడిలో "సరి" అని రాసిపెట్టాను. నా వడ నోట్లోనే ఉండిపోయింది.

తమ్ముడు నవ్వాడు ముందు. ఎగతాళి అనుకున్నాడేమో. తర్వాత అర్థమై ముఖం మారింది.

"నా బిడ్డ నా దగ్గర ఉద్యోగం చేసిందని నేను రాసియ్యాల్నా?"

"చేసింది కదప్పా" అన్నాను.

"ఉద్యోగమేందన్నా? ఒక్కగానొక్క బిడ్డ. సరదాకు వస్తాది, నాకు తోడుంటాది. ఆ యూనిట్టే దానిది. దానికి నేను సర్టిఫికెట్టు రాసిచ్చేదేంది?"

"నాదే అయితే నా పేరు యాడుండాది నాయనా?" అంది అమ్మాయి.

నిజమే. ఆ యూనిట్‌లో పనివాళ్ల హాజరు పుస్తకం రాసేది ఆమె. అందులో మేస్త్రీ పేరుంది, రాత్రి కాపలావాడి పేరుంది. రాసేదాని పేరు లేదు. జీతాల జాబితా కూడా అంతే. మా వైపు సొంత వ్యాపారాలున్న ఏ ఇంట్లో చూసినా ఇదే పద్ధతి. కొడుకైతే బోర్డు మీద పేరెక్కుతుంది. కూతురైతే "మా పాప ఊరికే వచ్చి కూచుంటాది" అంటారు. ఆ ఊరికే కూర్చున్న పాప సెలవు పెడితే ఆ రోజు లారీ కదలదు.

మరదలి తమ్ముడికి ఇక్కడ సందు దొరికింది. "చూసినావా బావా, అందుకే చెప్పింది. ఇంగ్లండుదానికి అనుభవం అడగరు. ఏం లేదని రాస్తే సీటు ఖాయం. సమస్యే లేదు."

అమ్మాయి అప్పటిదాకా గొంతు పెంచలేదు. ఇప్పుడు పెంచింది.

"లేదని ఎట్ల రాస్తా మామా? నాలుగేండ్లు యాడుండాను నేను?"

మరదలు లేచి వంటింట్లోకి వెళ్లింది. తమ్ముడు నా వైపు తిరిగి, తన అసలు భయం చెప్పాడు. "రేపు సంబంధానికొచ్చినోళ్లు ఈ కాగితం చూస్తే ఏమంటారన్నా? కూతురి చేత కూలి చేపిచ్చుకున్యాడంటారు."

"కూలి ఇచ్చుంటే కదప్పా కూలి చేయించుకున్నట్టు" అన్నాను కోపంగా. ఆ మాట అన్నాక నాకే సిగ్గేసింది. ఎందుకంటే నాలుగేళ్ల క్రితం తమ్ముడు ఫోన్ చేసి, పాప రోజూ వస్తోంది, పేరు జాబితాలో ఎక్కించమంటావా అని నన్నే అడిగాడు. ఇంటి పిల్లకు ఇదంతా ఎందుకప్పా, లెక్కలు పెరుగుతాయి అని నేనే చెప్పాను. తేదీ కోసం కర్నూలులోని డైరీ చూడనక్కర్లేదు, బాగా గుర్తుంది. తమ్ముడు ఆ మాట ఎత్తలేదు. మరిచిపోయాడో, అన్న అని ఊరుకున్నాడో తెలియదు. ఎత్తకపోవడమే నాకు మరింత ఇబ్బంది అయింది. అది నేనే బయట పెట్టాను. అమ్మాయి నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

భోజనాలయ్యాక తమ్ముడు యూనిట్ పేరున్న కాగితం ఒకటి తీసుకొని గదిలో తలుపేసుకున్నాడు. గంటకు పైగా రాశాడు. మేమంతా పరీక్ష హాలు బయట తల్లిదండ్రుల్లా కూర్చున్నాం. తెచ్చి నా చేతిలో పెట్టాడు. తెలుగులో రాశాడు, ఇంగ్లీషు నేను చేయాలి. అందులో ఇలా ఉంది:

"ఈమె నా కుమార్తె. చిన్ననాటి నుండి బుద్ధిమంతురాలు. పెద్దల మాట జవదాటదు. ఇంటి పనులలో తల్లికి, తీరిక సమయాలలో యూనిట్ నందు నాకు చేదోడుగా ఉండును. ఎవరితోను తగాదా పెట్టుకోదు. కావున ఈమెకు సీటు ఇవ్వగలరు."

"ఇది ఉత్తరమా? పెళ్లి చూపుల వివరమా?" అన్నాను.

"ఏం తప్పుండాదన్నా అందులో? ఒక్క అబద్ధం చూపించు."

"తీరిక సమయాలలో."

"మరి ఇంటి పిల్ల తీరికున్నప్పుడే కదా వచ్చేది!"

"పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా తీరికేనా?"

అమ్మాయి కాగితం తీసుకొని చదివింది. పెన్ను తీసి "తీరిక సమయాలలో" కింద రెండు గీతలు గీసి, తిరిగి తండ్రికే ఇచ్చింది. అతను ఆ గీతలను చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే మీ పెదనాయననే రాసియ్యమను. రాసేది ఆయనకు అలవాటు" అని స్కూటరు తీసుకొని బయటికి వెళ్లిపోయాడు. ఆదివారం సాయంత్రం ఎక్కడికి వెళ్లాడో ఎవరికీ తెలియదు. ముగింపు వేళ ఐదున్నర అని రాసి, నిర్ణయం అన్నచోట "కోర్సు తేలింది, ఉత్తరం తేలలేదు" అని రాసుకున్నాను. మరదలి తమ్ముడు రంగు పుస్తకాన్ని బల్ల మీదే వదిలి వెళ్లాడు, మనసు మారితే ఫోన్ చేయమన్నాడు.

మర్నాడు సోమవారం. ఆరున్నరకు తమ్ముడు గేటు దగ్గర స్కూటరు మీద కూర్చొని హారన్ కొట్టాడు. నన్ను చూసి, "ఎక్కన్నా" అన్నాడు. అమ్మాయి మాకన్నా ముందే యూనిట్‌కు వెళ్లిపోయింది. ఇంగ్లండు కోర్సు ఫారం కూడా నింపి పెట్టుకుందని, ఉత్తరం రాకపోతే సాయంత్రానికి అదే పంపేస్తుందని నేను బయల్దేరే ముందే మరదలు చెవిలో చెప్పింది.

యూనిట్‌లో తమ్ముడు ఆఫీసు గదిలో కూర్చొని, నిన్నటి కాగితం చించేసి, కొత్తది తీసి, అమ్మాయిని పిలిచాడు.

"చెప్పు. నువ్వేమేం పనులు చేస్తావో చెప్పు. రాస్తా."

ఆమె నిలబడే చెప్పింది, అతను రాశాడు. ప్రతి పనికీ ఒక తగువు. మందం కొలిచి వేరు చేయడమంటే, "అది మేస్త్రీ పని కాదా?" లోడు జాబితా అంటే, "అది లారీవాళ్లు రాసుకోరా?" మధ్యలో మేస్త్రీ తలుపు దగ్గరికొచ్చి, "పాపా, మద్రాసు రేవుకు పోయే లోడులో ఏ పెట్టెలు ముందు?" అన్నాడు. "నన్నడుగు" అన్నాడు తమ్ముడు. "మీకు తెలీదు కదయ్యా" అన్నాడు ఆయన అమాయకంగా, ఆమె చెప్పిన నంబర్లు విని వెళ్లిపోయాడు.

ఐదో పనిగా ఆమె, పెట్టెల్లో బండలు నిలబెట్టి పేర్చే పద్ధతి మొదలుపెట్టడం అంది. తమ్ముడు కలం ఆపాడు.

"బెంగళూరాయన ధర మళ్లీ పెంచింది దాని వల్లనా? నేను పోయి గట్టిగా మాట్లాడినందుకు కాదా?"

"కాదు నాయనా. ఆ నెల నుంచి ఒక్క బండ విరగలేదు. అందుకు."

"నాకు చెప్పలేదే?"

"చెప్పినా. నువ్వు సరే సరే అన్న్యావు."

అతను ఐదో పని రాశాడు. ఆరు, ఏడు, ఎనిమిది తగువు లేకుండా రాశాడు. హోదా దగ్గర డైరెక్టరు అని రాయబోతే నేను ఆపాను, లేనిది రాయొద్దన్నాను. "డిస్పాచ్ మేనేజరు అని రాయి నాయనా, చేసేది అదే" అంది ఆమె. నేను ఇంగ్లీషు చేశాను. నా ఆఫీసు ఇంగ్లీషు చూసి ఆమె సగం మార్చేసింది. తొమ్మిదిన్నరకు సంతకమైంది, ముద్ర పడింది.

కంప్యూటరు ముందు కూర్చొని ఆమె గడులన్నీ నింపుతూ పోయింది. ఒకచోట ఆగింది. సంవత్సర జీతం ఎంత అని ఉంది. తమ్ముడు ఆమె వెనుక నిలబడ్డాడు.

"ఏదో ఒకటి రాయి. మేస్త్రీకిచ్చేది రాయి."

"ఇయ్యలేదు కదా నాయనా."

ఆమె సున్నా వేసింది. కింద కారణం రాయమని చిన్న గడి తెరుచుకుంది. కుటుంబ వ్యాపారం, జీతం తీసుకోలేదు అని ఇంగ్లీషులో ఒక వాక్యం రాసింది. తమ్ముడు దాన్ని కూడబలుక్కొని చదివాడు.

"ఇది వాళ్లు చదువుతారా?"

"చదువుతారు."

"అందరూనా?"

"సీట్లు ఇచ్చేవాళ్లు చదువుతారు నాయనా."

అతను బయటికి వెళ్లి, ఏ తప్పూ చేయని లోడింగ్ వాళ్ల మీద గట్టిగా అరవడం మొదలుపెట్టాడు. ఆ అరుపులు వినపడుతుండగానే ఆమె పంపే బొత్తాం నొక్కింది. పది గంటల పది నిమిషాలు. తర్వాత లేచి, మద్రాసు లోడు పెట్టెలు చూడటానికి వెళ్లింది.